పాట వెంట వచ్చిన కావలివాడు

పూర్వము పాట వినవలెనన్నచో గాయకుని సన్నిధికి పోవలసినదే. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ కంఠము గ్రామఫోను రికార్డుపై నిలిచిన తరువాత మన దేశమునందును పాట క్రమముగా అంగడిలో దొరకు వస్తువయ్యెను. ఇట్లు ఇంటికి వచ్చిన పాటపై అధికారమెవరిది? పాడినవారిదా, అచ్చొత్తి అమ్మిన సంస్థదా, పైకమిచ్చి కొన్నవారిదా? గ్రామఫోను దినములలో ఈ ప్రశ్న ఎవరిని అంతగా బాధింపలేదు. నూరేండ్ల పిమ్మట, 2005లో, అమెరికాలో కొన్ని పాటల సీడీల మూలమున అది న్యాయస్థానముల మెట్లెక్కెను.

ఇందుకు కారణము నకలు. తాళపత్రములకు ప్రతులు వ్రాయు కాలమున వ్రాయసకాని కంటికి ఒక అక్షరము తప్పిపోయెడిది. ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతిలో మరి రెండు తప్పులు చేరెడివి. టేపుమీది పాటకును ఇదే గతి. నకలుకు నకలు తీసినకొలది గురగుర హెచ్చి స్వరము మాసిపోవును. 1982లో ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి విపణిలోనికి తెచ్చిన సీడీ ఈ స్థితిని మార్చివేసెను. పండ్రెండు సెంటీమీటర్ల వ్యాసముగల ఆ పళ్లెరములో ఉండునది ధ్వని కాదు, సంఖ్యలు. ధ్వనితరంగమును సెకనుకు 44,100 మారులు కొలిచి, ఆ కొలతలను కంటికానని సన్నని గుంటలుగా అందు పొదుగుదురు. సంఖ్యకు నకలు తీసినచో మొదటి ప్రతికిని నూరవ ప్రతికిని ఇసుమంతయు భేదముండదు. కంప్యూటర్లు సీడీలను చదువ నేర్చెను; ఇంటర్నెట్టు ఆ సంఖ్యలను దేశదేశములకు మోయ నేర్చెను. 1999లో నాప్‌స్టర్ అను సాధనము వచ్చిన పిమ్మట కొనకయే పాటలు పంచుకొనువారు కోట్లకెక్కిరి. పాటల సంస్థలు భయపడినవనిన వింత లేదు. శ్రమపడినవారికి ప్రతిఫలము ముట్టవలెనని కోరుట న్యాయమే. చిక్కు వచ్చినది కోరికలో కాదు, అందుకై త్రొక్కిన త్రోవలో.

సోనీ బీఎంజీ అను పెద్ద సంస్థ 2005లో తన సీడీలు కొన్నిటిలో ఎక్స్‌సీపీ అను ప్రోగ్రామును చేర్చి అమ్మెను. దీనిని తయారుచేసినది ఫస్ట్ ఫోర్ ఇంటర్నెట్ అను బ్రిటిషు సంస్థ. ఆ సీడీని మామూలు పాటల యంత్రములో పెట్టినచో పాట పాడి ఊరకుండును. విండోస్ కంప్యూటరులో పెట్టినప్పుడు మాత్రము ఒక ఒప్పందపత్రమును చూపి, సమ్మతింపుమని అడిగి, ఎక్స్‌సీపీని కంప్యూటరులో దింపును. అప్పటినుండి ఆ సీడీకి మూడు ప్రతులకు మించి తీయుటకు వీలుండదు. ఇంతవరకు కొనువారికి తెలిసినదే. ఒప్పందపత్రములో చెప్పని సంగతి వేరొకటి కలదు: ఆ ప్రోగ్రాము కంప్యూటరులో దిగినది మొదలు తన్ను తాను కనబడకుండ మరుగుపరచుకొనును.

ఈ మరుగు ఎట్టిదో గ్రహించుటకు కంప్యూటరు నడక కొంత తెలియవలెను. డిస్కుమీద ఏయే ఫైలులున్నవో సామాన్యముగా ఏ ప్రోగ్రామును తానై పోయి చూడదు. ఆపరేటింగ్ సిస్టమును అడిగి తెలిసికొనును. పూర్వము గ్రామములలో ఏ పొలము ఎవరిదో కరణమునడిగి తెలిసికొన్నట్లే ఇదియును. కరణము లెక్క చదువుచుండగా ప్రక్కన ఒకడు నిలిచి, కొన్ని పేర్లు మాత్రము పైకి రానీయక మింగివేసినాడనుకొనుడు. వినువారి దృష్టిలో ఆ పొలములు లేనట్లే. అయినను పొలములెక్కడికిని పోలేదు. వానిలో పైరు పెరుగుచునే యుండును. ఇట్టి పనిచేయు సాఫ్ట్‌వేరునకు రూట్‌కిట్ అని పేరు. యూనిక్స్ వ్యవస్థలో సర్వాధికారములు గలవానిని రూట్ అందురు. ఆ అధికారమును దొంగిలించి నిలుపుకొనుటకు ఉపయోగించు పనిముట్ల సంచియే రూట్‌కిట్. అది చొరబాటుదారుల ఆయుధము. పేరుపొందిన సంస్థ యొకటి దానిని పాటతో కలిపి అంగడిలో అమ్మునని ఎవరును ఊహింపలేదు.

మార్క్ రుస్సినోవిచ్ అను అమెరికా నిపుణుడు అంతకుముందే రూట్‌కిట్ రివీలర్ అను పరీక్షాసాధనమును నిర్మించియుండెను. దాని యుక్తి సులువైనది. ఆపరేటింగ్ సిస్టము చెప్పిన లెక్క ఒకవైపు. డిస్కును తానే నేరుగా శోధించి వ్రాసికొన్న లెక్క మరొకవైపు. కరణము చిట్టాను చేతబట్టుకొని ఒక అధికారి గట్లవెంట తిరిగి అజమాయిషీ చేసినట్లు! రెండు లెక్కలు పొసగనిచోట ఏదో దాగియున్నదన్నమాట. 2005 అక్టోబరులో అతడు ఆ సాధనమును పరీక్షించుచు తన కంప్యూటరులోనే మరుగుపడిన ఫైలులుండుట చూచి నివ్వెరపోయెను. జాడ తీయగా అది తాను కొన్న ఒక పాటల సీడీ వరకు పోయెను. ఆ ఫైలులను తొలగింపగనే సీడీలు చదువు సాధనమే కంప్యూటరుకు కనబడకుండ పోయెను. అతడు విండోస్ అంతరంగమెరిగినవాడు గనుక దానిని చక్కదిద్దుకొనెను. సామాన్యునికి అది సాధ్యమగు పని కాదు. ఈ వృత్తాంతమంతయు అతడు అక్టోబరు 31న ప్రకటించెను.

అసలు అపాయము ఇంకొకటి. డాలరు గుర్తు, ఎస్, వై, ఎస్, మరల డాలరు గుర్తు — ఈ అయిదింటితో మొదలగు పేరుగల ఏ ఫైలునైనను ఎక్స్‌సీపీ మరుగుపరచును. అది తన ఫైలో, పరుల ఫైలో విచారింపదు. కనుక ఆ పేరు పెట్టుకొన్న ప్రతి దొంగకును నీడ దొరకినట్లయ్యెను. కంప్యూటరు ఆటలలో మోసము చేయువారు ఈ ఉపాయమును మొదట కనిపెట్టిరి. నవంబరు రెండవ వారమునకే ఈ-మెయిలు ద్వారా వ్యాపించు దుష్టప్రోగ్రాములు ఆ నీడలోనికి చేరెను. తన సొత్తుకై ఇతరుల ఇంట నిలిపిన కావలివాడు ఆ ఇంటి తలుపు గడియ తీసి పెట్టెనన్నమాట.

సంస్థ ప్రముఖుడొకడు రేడియోలో మాటలాడుచు, పెక్కుమందికి రూట్‌కిట్ అననేమో తెలియదు గదా, వారికి దానితో పనియేమి అన్న భావమును వెలిబుచ్చెను. తెలియనివారికే ఎక్కువ రక్షణ కావలెనన్న సంగతి అతనికి తోచినట్లు లేదు. ప్రోగ్రామును తొలగింపగోరువారు అర్జీలు నింపి, ఈ-మెయిలు చిరునామా ఇచ్చి వేచియుండవలసివచ్చెను. అట్లు లభించిన మందు రోగమును మించినది. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడ్వర్డ్ ఫెల్టెన్, అలెక్స్ హాల్డర్‌మన్ దానిని పరీక్షించి, అది కంప్యూటరులో ఒక కొత్త రంధ్రమును విడిచిపోవుచున్నదనియు, ఇంటర్నెట్టులోని ఏ దుష్టపుటయైనను దానిగుండ లోపలికి చొరవచ్చుననియు చూపిరి. ఈ హాల్డర్‌మన్ 2003లో ఇట్టిదే మరియొక తాళమును పరిశోధించి, సీడీ పెట్టునప్పుడు షిఫ్ట్ మీటను నొక్కి పట్టినచో ఆ తాళము పడనే పడదని వెల్లడించియుండెను. కోటకు అంతటి గోడ కట్టి, దిడ్డితలుపు మరచిన కథ!

ఎక్స్‌సీపీ గల సీడీ కంప్యూటరులో పాడునప్పుడెల్ల సంస్థవారి సర్వరును పలుకరించెడిది. ఈ పలుకరింపుల గుర్తులనుబట్టి డాన్ కమిన్‌స్కీ అను పరిశోధకుడు లెక్కింపగా, దాని జాడ ప్రపంచమున 5 లక్షల 60 వేలకు పైగా నేమ్‌సర్వర్లలో కానవచ్చెను. వానిలో ప్రభుత్వ, సైనిక విభాగములకు చెందినవియు కలవు. మరియొక విచిత్రము: పాటల హక్కులను కాపాడ పుట్టిన ఈ సాఫ్ట్‌వేరులోనే, లేమ్ అను స్వేచ్ఛాప్రోగ్రాము భాగములు దాని షరతులు పాటింపకయే చేర్చబడియున్నట్లు పరిశోధకులు పట్టిచూపిరి.

ఇంతకును ఎవరికి నష్టము కలిగెను? పాటను దొంగదారిని దింపుకొన్నవాని కంప్యూటరులోనికి ఎక్స్‌సీపీ రాలేదు. అంగడికి పోయి, వెల యిచ్చి, సీడీ కొన్న నిజాయితీపరుని కంప్యూటరులోనికే వచ్చెను. ఈ విషయమే జనులను మిక్కిలి మండించినది.

2005 నవంబరు నడుమ సంస్థ ఆ సీడీలను వెనుకకు పిలిచెను. మొత్తము 52 ఆల్బములు. అంగళ్లకు పంపినవి 47 లక్షలు, అప్పటికే అమ్ముడుపోయినవి 21 లక్షలు. మైక్రోసాఫ్ట్ తన రక్షణసాధనములకు ఎక్స్‌సీపీని ఏరివేయు శక్తినిచ్చెను. టెక్సస్ రాష్ట్ర ప్రభుత్వము దావా వేసెను. కొనుగోలుదారుల పక్షమునను దావాలు వచ్చెను. 2006లో కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారము కొన్నవారికి తాళములేని సీడీలను మార్చి ఇచ్చిరి. 2007 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కుదిరిన ఒడంబడికనుబట్టి, కంప్యూటరు చెడినవారికి బాగుచేయించుకొనుటకై 150 డాలర్ల వరకు చెల్లించుటకును, ఇకపై ముందుగా తేటతెల్లముగా చెప్పి అనుమతి పొందక ఏ ప్రోగ్రామును దింపకుండుటకును సంస్థ అంగీకరించెను. తరువాతి విండోస్ వ్యవస్థలు సీడీలోని ప్రోగ్రామును నడుపుటకు ముందు యజమానిని అడుగ నేర్చెను.

2008 జనవరిలో, ఇంటర్నెట్టు ద్వారా అమ్ము పాటలకు సంబంధించి, ఇతర పెద్ద సంస్థల వెనుక సోనీ బీఎంజీయు ఏ తాళమును లేని ఫైలులను విక్రయించుటకు పూనుకొనెను.