డెల్టాలో తొలి పరదేశుల సమాధులు: కాపాడే పని ఎలా సాగాలి

గోదావరి, కృష్ణా డెల్టాలకు ఐరోపావాళ్లు వచ్చి నాలుగు వందల ఏళ్లు దాటింది. వచ్చినవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లలేదు. బందరు, పాలకొల్లు, నరసాపురం, ఏలూరు, ధవళేశ్వరం వంటి ఊళ్లలో వర్తకులు, సిపాయిల పైఅధికారులు, మిషనరీలు, ఇంజనీర్లు, వాళ్ల భార్యాపిల్లలు మట్టిలో కలిసిపోయారు. జనం నోట ఇవి ‘దొరల సమాధులు’. వీటిలో కొన్ని ప్రభుత్వ రక్షణలో ఉన్నాయి. ఇంకొన్ని చర్చి ఆవరణల్లో ఉన్నందువల్ల నిలిచాయి. మిగిలినవాటికి దిక్కు స్థానికుల శ్రద్ధే. ఆ శ్రద్ధ ఉన్నవాళ్లు నలుగురు కూడి పాత సమాధుల తోటను బాగుచేయాలనుకుంటే ఏం తెలుసుకోవాలి, ఏ పని ముందు చేయాలి, ఏది ఎప్పటికీ చేయకూడదు అన్నది ఇక్కడి మట్టిని, నీటిని, చరిత్రను బట్టి ఉంటుంది.

అందరికంటే ముందు సమాధి రాళ్లు నిలబెట్టినవాళ్లు డచ్చివాళ్లు. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ మూడేళ్లకే బందరు రేవుకు చేరింది. 1606లో గోల్కొండ సుల్తాను నుంచి వర్తకపు హక్కులు పొందింది. ఇంగ్లీషువాళ్లు అదే రేవులో దిగింది 1611లో. డచ్చివాళ్లకు కావలసింది అద్దకపు బట్ట. దాని కోసం బందరు నుంచి లోపలికి, ఉత్తరానికి జరిగి పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నాల్లో కోఠీలు, అంటే వర్తక స్థావరాలు పెట్టారు. పాలకొల్లు నేతకూ నీలిమందు అద్దకానికీ పేరున్న చోటు. అక్కడ వాళ్ల కాపురం 17వ శతాబ్దంలోనే మొదలై, 1824 నాటి ఆంగ్ల-డచ్చి ఒడంబడిక ప్రకారం 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చేదాకా సాగింది.

బందరులోని డచ్చి సమాధులు ఇప్పుడు భారత పురావస్తు సర్వే రక్షణలో ఉన్నాయి. పెద్ద నల్లరాతి పలకల మీద అక్షరాలను లోపలికి చెక్కకుండా చుట్టూ రాయి తొలిచి పైకి తేలేటట్టు మలిచారు. పైభాగంలో వంశచిహ్నాలు, కింద పేరు, హోదా, పుట్టిన ఊరు, పోయిన తేదీ ఉంటాయి. నది తెచ్చిన ఒండ్రు తప్ప రాయి దొరకని నేల మీద అంతంత పలకలు తెచ్చి నిలిపారంటే ఆ వర్తకం ఎంత బలిసిందో ఊహించవచ్చు.

ఏలూరు కథ వేరు. ఉత్తర సర్కార్లు 1753లో ఫ్రెంచివాళ్లకు దక్కినప్పుడు వాటిలో ఏలూరు సర్కారు ఒకటి. అయిదేళ్ల తరువాత చందుర్తి యుద్ధంలో, 1759లో బందరు కోట ముట్టడిలో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్లను ఓడించారు. 1766లో నిజాముతో జరిగిన ఒప్పందంతో సర్కార్లు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి వచ్చాయి. ఆ పైన ఏలూరులో కంపెనీ పటాలం మకాం పెట్టింది. పటాలం ఉన్న ప్రతి ఊళ్లోనూ పరేడ్ మైదానంతో పాటు సమాధుల తోట వెలిసేది. కలరా, విరేచనాలు, చలిజ్వరం యుద్ధాల కంటే ఎక్కువమందిని తీసుకుపోయేవి. ఐరోపా నుంచి వచ్చినవాడి ఆయువు రెండు వానాకాలాలని ఆ రోజుల్లో నానుడి. ఈ దేశంలోని పాత ఐరోపా సమాధుల తోట దేనిలో చూసినా పసిపిల్లల పేర్లు, ఇరవై దాటీ దాటని తల్లుల పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి.

తరువాతి తరం మిషనరీలది. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని డెవన్ నుంచి బయలుదేరిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు బందరు చేరి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్‌కు మూలపురుషులు వాళ్లే. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరు వచ్చారు. నోబుల్ 1843లో బడి పెట్టాడు. అదే తరువాత నోబుల్ కళాశాల అయింది. ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా స్వదేశం వెళ్లకుండా 1865లో ఆయన బందరులోనే కన్నుమూశాడు. నోబుల్, ఫాక్స్‌ల మిషన్ 1854లో ఏలూరులో కూడా కాలుమోపింది. తీరాంధ్రలో బళ్లు, ఆసుపత్రులు, నరసాపురం లేసు అల్లికల వెనుక ఇలాంటివాళ్ల జీవితాలు ఉన్నాయి. వాళ్లు సామ్రాజ్యపు నీడలో వచ్చారన్న మాట నిజమే. వాళ్ల సమాధులు ఇక్కడి చరిత్రకు సాక్ష్యమన్న మాట కూడా అంతే నిజం.

ఇంతకాలం నిలిచినవి ఇప్పుడు ఎందుకు పోతున్నాయి? స్వాతంత్ర్యం వచ్చాక ఆ తోటలకు హక్కుదారులు మారారు. కొన్ని చర్చిలకు వెళ్లాయి, కొన్ని మూతపడ్డాయి, మరికొన్ని ఎవరివీ కాకుండా పోయాయి. రాయి అరుదైన ఊళ్లలో చదునైన పలక బట్టలు ఉతకడానికో గడపకో పనికొస్తుంది. లంకెబిందెల ఆశతో తవ్వేవాళ్లు మరో రకం. వీటన్నిటికంటే పెద్ద శత్రువు తేమ. డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉంటుంది. ఇటుకలు ఆ నీటిని దీపపు వత్తిలా పైకి లాగుతాయి. నీటితో వచ్చిన ఉప్పు గోడ పైపొర కిందికి చేరి, నీరు ఆరగానే స్ఫటికాలై పొంగుతుంది. పూత పెచ్చులూడుతుంది, ఇటుక పిండిలా రాలుతుంది. దానికి తోడు తుపానులు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. కొల్లేటి చుట్టుపక్కల లంక గ్రామాలకైతే వరద ఏటేటా వచ్చే చుట్టం. అక్కడ బతికున్నవాళ్లకే మెరక నేల కరవు, పోయినవాళ్లను పూడ్చడానికి దొరికే మెరక మరీ తక్కువ.

బాగుచేసే పనిలో మొదటి మెట్టు కాగితం. స్థలం ఎవరిదో తేలకుండా పార పట్టకూడదు. అది చర్చిదా, మునిసిపాలిటీదా, రెవెన్యూ లెక్కల్లో శ్మశాన పోరంబోకా అన్నది సర్వే నంబరుతో తహసీల్దారు కార్యాలయంలో తెలుస్తుంది. చర్చిదైతే డయోసిస్ రాతపూర్వక అనుమతి కావాలి. పురావస్తు శాఖ రక్షిత స్థలమైతే స్వచ్ఛందులు గడ్డి పీకాలన్నా ఆ శాఖను అడగాల్సిందే. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆ పైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. రక్షణ జాబితాలో లేని సమాధులకు కూడా చట్టం అండ ఉంది: మనోభావాలను గాయపరిచే ఉద్దేశంతో శ్మశానంలోకి చొరబడటం భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద నేరం.

రెండో మెట్టు రాసుకోవడం. స్వచ్ఛందులు తరచూ తొందరపడేది ఇక్కడే. శుభ్రం చేయాలన్న ఉత్సాహంలో రాతిని రుద్దితే, నూరేళ్లు నిలిచిన అక్షరం ఒక్క పూటలో చెరిగిపోతుంది. అందుకని తుడవక ముందే ప్రతి సమాధికీ ఒక సంఖ్య ఇవ్వాలి, తోట మొత్తానికీ నక్షా గీయాలి, నాలుగు వైపుల నుంచీ కొలబద్ద పెట్టి ఫొటోలు తీయాలి. అక్షరాలు చదవడానికి మిట్టమధ్యాహ్నం పనికిరాదు. పొద్దు వాలేవేళ ఏటవాలుగా పడే ఎండలో, లేదా చీకట్లో పక్కనుంచి టార్చి వేస్తే అరిగిన గీతల నీడలు లేచి పేరు కనబడుతుంది. పగలైతే అద్దంతో ఎండను మళ్లించవచ్చు. సుద్దముక్కతో, పిండితో, నూనెతో అక్షరాలను దిద్దడం రాతికి చేటు. రాసుకునేటప్పుడు రాతి మీద ఎలా ఉంటే అలాగే దించాలి. తప్పు అక్షరం ఉంటే తప్పుగానే, విరిగిన చోట ఖాళీగానే ఉంచాలి.

ఈ పనికి పాత తోడు రెండు ఉన్నాయి. పురావస్తు సర్వేయరు అలెగ్జాండర్ రే 1897లో మద్రాసు రాజధానిలోని డచ్చి కంపెనీ కట్టడాలు, సమాధుల మీద పుస్తకం వెలువరించాడు. భట్టిప్రోలు స్తూపాన్ని తవ్విన రే ఈయనే. 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ మద్రాసు రాజధాని సమాధుల మీది రాతలను జిల్లాల వారీగా జాబితా చేశాడు. ఈయన ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ కాడు, మరొకరు. ఇలాంటి జాబితా చేతిలో పట్టుకుని తోటలోకి వెళితే ఏ రాయి మిగిలిందో, ఏది మాయమైందో తెలుస్తుంది. పుస్తకంలో ఉండి నేల మీద లేని పేరును కూడా కొత్త లెక్కలో రాసి ఉంచాలి.

మూడోది చెట్టూచేమా. సర్కారు తుమ్మ, జిల్లేడు, వయ్యారిభామ తోటను కప్పేసిన చోట పని మొదలుపెట్టడానికి మంచి అదను సంక్రాంతి దాటాక. నేల ఆరి ఉంటుంది, ఎండలు ముదరవు. కట్లపాము, రక్తపింజర పొదల్లో ఉండే అవకాశం ఉంది కాబట్టి మోకాలి దాకా బూట్లు, పొడుగు కర్ర లేకుండా ఎవరినీ లోపలికి పంపకూడదు. కలుపును మొదలు దగ్గర కోయాలే గాని గునపంతో పెళ్లగించకూడదు. సమాధి అంచు ఏదో తెలియకముందే గునపం దిగితే అంచే పోతుంది. ఇటుకల సందుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. పీకితే వేరుతో పాటు గోడ వస్తుంది. కాండాన్ని కోసి, మొద్దుకు మందు పూసి, వేరు లోపలే చచ్చేదాకా ఆగి, ఆ తరువాత సందు పూడ్చాలి. నీడనిచ్చే పెద్ద చెట్లను మాత్రం నరకనక్కరలేదు. ఒకే రోజు తోటంతా బోడి చేస్తే వానకు మట్టి కొట్టుకుపోయి పునాదులు బయటపడతాయి.

నాచు పట్టిన రాతికి మంచినీళ్లు, మెత్తని నైలాన్ బ్రష్ చాలు. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు, ఇనుప బ్రష్, ఉప్పునీళ్లు దగ్గరికి రానివ్వకూడదు. రాయి కొత్తగా మెరవాలన్న కోరిక వదులుకుంటేనే పాత రాయి బతుకుతుంది. రంగు వేయడం కూడా తగదు. రక్షణ పేరుతో నూనె రంగు పూసిన పలక లోపల తేమ చిక్కి, రెండు మూడేళ్లలో పొట్టు లేస్తుంది.

ఇటుక సమాధుల మరమ్మతులో అన్నిటికంటే పెద్ద ప్రమాదం సిమెంటు. అది సులువుగా దొరుకుతుంది, త్వరగా గట్టిపడుతుంది, అందుకే చేయి అటు పోతుంది. కాని పాత ఇటుక, పాత సున్నం గాలి పీల్చే వస్తువులు. పైన సిమెంటు పూస్తే కింది నుంచి ఎక్కిన చెమ్మకు దారి మూసుకుపోయి, ఉప్పంతా ఇటుకలోనే పేరుకుంటుంది. పూత నిలుస్తుంది, లోపలి ఇటుక పోతుంది. పాత పద్ధతి గానుగ సున్నం. ఆలిచిప్పలు కాల్చిన గుల్ల సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో నూరేవారు. కరక్కాయ నీళ్లు, బెల్లపు నీళ్లు కలపడం దక్షిణాది తాపీ పనివాళ్లకు తెలిసిన విద్య. నేటికీ పాత గుళ్లు, కోటల మరమ్మతుకు సున్నమే వాడుతున్నారు. ఆ చేయి తిరిగిన పెద్ద మేస్త్రీ ఒక్కడు దొరికితే స్వచ్ఛందుల పని సగం అయినట్టే. ఆయనకు కూలి ఇచ్చి, పక్కన ఇద్దరు కుర్రాళ్లను నేర్చుకోవడానికి నిలబెట్టడం తెలివైన ఖర్చు.

ఇలాంటి ప్రయత్నాలకు బయటి ప్రపంచంలో అనుభవం ఉంది. లండన్‌లో కార్ల్ మార్క్స్ సమాధి ఉన్న హైగేట్ సిమెట్రీ తుప్పలు కమ్మి మూతపడే స్థితికి వస్తే, 1975లో స్థానికులు మిత్రమండలిగా ఏర్పడి నిలబెట్టారు. దక్షిణాసియాలోని ఐరోపా సమాధుల కోసం కాన్పూరులో పుట్టిన థియాన్ విల్కిన్సన్ 1976లో లండన్‌లో ‘బాక్సా’ అనే సంఘాన్ని స్థాపించాడు. కలకత్తాలో 1767లో తెరిచిన సౌత్ పార్క్ స్ట్రీట్ సమాధుల తోట మరమ్మతుకు ఆ సంఘం తోడ్పడింది. స్థానిక బృందాలకు ధనసహాయం చేస్తుంది, సేకరించిన వివరాలను బ్రిటిష్ లైబ్రరీలో భద్రపరుస్తుంది. మన దేశంలో 1984 నుంచి పనిచేస్తున్న ఇంటాక్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ సాంకేతిక సలహాకు ఆధారం.

యుద్ధ సమాధుల సంగతి దీనికి భిన్నం. రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన కామన్వెల్త్ సైనికుల సమాధులను, శాశ్వత సంరక్షణకు హామీ లేని దక్షిణ, తూర్పు భారతపు తోటల నుంచి తరలించి మద్రాసు యుద్ధ శ్మశానంలో చేర్చారు. అక్కడ 850కి పైగా సమాధులు నేటికీ వరుస చెదరకుండా ఉన్నాయి. వాటికి యుద్ధ సమాధుల కమిషన్ ఉంది. కోఠీ గుమాస్తాకు, పటాలం సార్జెంటు బిడ్డకు అలాంటి కమిషన్ లేదు.

రాయి దక్కనివాళ్ల మాట కూడా లెక్కలోకి రావాలి. దొరల ఇళ్లలో పనిచేసిన తెలుగు ఆయాలు, వంటవాళ్లు, దుబాసీలు, మిషన్ బళ్లలో మొదట పాఠాలు చెప్పిన తెలుగు ఉపదేశకులు, 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట మీద రాళ్లెత్తిన వేలమంది కూలీలు ఆ చరిత్రలో సగం. చర్చి రిజిస్టర్లలో భూస్థాపన వివరాలు రాసి ఉంటాయి. రాతి మీద లేని పేరు ఆ పుస్తకంలో దొరకవచ్చు. అందుకే సమాధుల జాబితా తయారుచేసే బృందం తోటలో ఎంత సమయం గడుపుతుందో చర్చి బీరువా దగ్గర అంత సమయం గడపాలి.

పని ముగిశాక నిలబెట్టుకోవడానికి డెల్టా క్రైస్తవుల ఆనవాయితీ ఒకటి ఆసరాగా ఉంది. ఏటా నవంబరు 2న సమాధుల పండుగకు కుటుంబాలు తోటలకు వెళ్లి, తమవాళ్ల సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాయి. వానాకాలం వెళ్లే రోజులు కాబట్టి కలుపు తీయడానికి, వానకు ఏం దెబ్బతిన్నదో చూడటానికి అదే సరైన అదను. ఆ రోజున వారసులు లేని పాత సమాధులను కూడా చూసి, కిందటి ఏడాది ఫొటోతో పోల్చి, మార్పును పుస్తకంలో రాసి, నకలు ఒకటి చర్చికి, ఒకటి తహసీల్దారుకు, ఒకటి జిల్లా గ్రంథాలయానికి ఇస్తే తరువాతి బృందం పని అక్కడి నుంచి మొదలవుతుంది.