ఇంట కూర్చుకొను కంప్యూటరు

రేడియోపెట్టెను కొనునపుడు దాని లోపలి భాగములను మనము ఎంచుకొనము. నిర్మాత కూర్చి, మూతవేసి, ముద్రవేసి ఇచ్చినదానిని ఇంటికి తెచ్చుకొందుము. కంప్యూటరు విషయమున మాత్రము కొనువానికి ఒక విశేషమైన స్వాతంత్ర్యము కలదు. ఒక సంస్థవారి ప్రాసెసరును, వేఱొక సంస్థవారి మదర్‌బోర్డును, మఱొకరి ర్యామును విడివిడిగా కొని ఒక పెట్టెలో అమర్చినచో అవి కలసికట్టుగా పనిచేయును. 1981వ సంవత్సరమున ఐ.బి.యం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును ఇతరులు తయారుచేసిన కార్డులు కూడ తగులుకొనునట్లు నిర్మించి, దాని సాంకేతిక వివరములను ప్రకటించుటతో ఈ మార్గము తెఱచుకొన్నది. బోర్డును బిగించు మరల స్థానములు, విద్యుత్తు తీగెలు తగులుకొను తీరు మొదలగువానిని నిర్ణయించు ఏటీఎక్సు అను ప్రమాణమును 1995లో ఇంటెల్ సంస్థ రూపొందించినది. నేడు మన అంగళ్లలో అమ్ముడగు మేజాకంప్యూటరు పెట్టెలలో పెక్కింటికి ఆ ప్రమాణమే ఆధారము.

స్వాతంత్ర్యముతో బాధ్యతయు వచ్చును. భాగములు ఒకదానితో ఒకటి పొసగకపోయినచో ఆ నష్టము కొన్నవారిదే. మధ్యతరగతి కుటుంబమునకు ఇది కొన్ని నెలలు కూడబెట్టిన సొమ్ము. కావున మొదటిసారి యంత్రమును కూర్చుకొనువారు దేనికి ఎంత వెచ్చింపవలెనో, ఎందుకు వెచ్చింపవలెనో తెలిసికొని అంగడికి పోవుట మేలు.

ఒక ఇంటిని ఊహించుకొందము. అక్కకు పాటలు ధ్వనిముద్రణము చేయుటయందును, చిన్న చిన్న చిత్రములను తీసి కూర్చుటయందును ఆసక్తి కలదు. తమ్మునికి కంప్యూటరు ఆటలు కావలెను. తల్లిదండ్రుల చేతనున్న ధనము ఒక్క యంత్రమునకే చాలును. ఇద్దరికిని ఒకటి సరిపడునా? సరిపడును. ఏలయన, ఆటకును చిత్రకల్పనకును కావలసిన అవయవములు దాదాపు ఒక్కటియే. అవి శ్రమించు విధము మాత్రము వేఱు.

ముందుగా ఆట సంగతి. తెరపై బొమ్మ సాఫీగా కదలుటకు సెకనునకు 60 చిత్రములు కావలెననుకొందము. అప్పుడు ఒక్కొక్క చిత్రమును సిద్ధపఱచుటకు యంత్రమునకు లభించు వ్యవధి సెకనులో 60వ వంతు, అనగా సుమారు 16.7 మిల్లీసెకనులు. ఆ వ్యవధిలో ఆటలోని పాత్రలు ఎటు కదలవలెనో ప్రాసెసరు లెక్కించును. ఆ దృశ్యమును చుక్క చుక్కగా గ్రాఫిక్సు కార్డు చిత్రించును. వ్యవధి మీఱినచో బొమ్మ తొట్రుపడును. 1920 చుక్కల వెడల్పును, 1080 చుక్కల ఎత్తును గల తెరమీద 20 లక్షల 73 వేలకు పైబడిన చుక్కలుండును. 4కె అను తెరమీద సుమారు 83 లక్షలు, అనగా సరిగా నాలుగింతలు. కావున భాగములను ఎంచుకొనుటకు ముందే మోనిటరును నిశ్చయించుకొనవలెను. మోనిటరు పెద్దదై కార్డు చిన్నదైనచో ఆట కుంటును; కార్డు పెద్దదై మోనిటరు చిన్నదైనచో ధనము వ్యర్థమగును. మొదటి యంత్రమునకు 1080 వరుసల తెరయో, 1440 వరుసల తెరయో చాలును.

ఇక అక్క పని. సెకనునకు 48 వేల మాదిరులతో, 24 బిట్ల ప్రమాణమున రెండు మార్గముల ధ్వనిని ముద్రించినచో గంటకు ఒక గిగాబైటుకు కొంచెము పైన అగును. దృశ్యమునకు ఇది చాలదు. సెకనునకు 100 మెగాబిట్ల చొప్పున తీసిన చిత్రము గంటకు 45 గిగాబైట్లను ఆక్రమించును. అదియును కుదించి దాచినదే. పెక్కు కెమేరాలు ప్రతి చిత్రమును సంపూర్ణముగా దాచవు. ఇరుగుపొరుగు చిత్రములతో గల భేదమును మాత్రము దాచును. అందువలన నడుమనున్న ఒక చిత్రమును చూపుటకు యంత్రము దానితో సంబంధించిన చిత్రములను కూడ విప్పుకొనవలసియుండును. ఒకప్పుడు రేడియో కేంద్రములలో పావు అంగుళపు టేపును బ్లేడుతో కోసి అతికించెడివారు. నేడు కోత క్షణములో ముగియును; విప్పుట, మరల కుదించుట అనునవియే శ్రమ. ఈ శ్రమకై గ్రాఫిక్సు కార్డులలోను, కొన్ని ప్రాసెసర్లలోను ప్రత్యేకమైన వలయములను అమర్చుచున్నారు. 2011 నుండి ఇంటెల్ ప్రాసెసర్లలో వచ్చుచున్న క్విక్ సింక్ అట్టిదే. అట్టి సౌకర్యము చాలనప్పుడు చిత్రమునకు చిన్న ప్రమాణపు నకలును తయారుచేసికొని, దానిమీద కోతలు ముగించి, తుదకు అసలుదానితో జతపఱుపవచ్చును. ఈ ఉపాయమునకు పైసా ఖర్చు లేదు.

ఈ రెండు అవసరములను కలిపి చూచినచో ప్రాసెసరు ఎంపిక సులభమగును. ఆటకు 6 కోర్లు చాలును. అచ్చట కోర్ల సంఖ్యకంటె ఒక్కొక్కదాని వేగము ముఖ్యము. చిత్రకల్పనకు 8 కోర్లున్నచో వేచియుండు కాలము తగ్గును. ప్రాసెసరు కూర్చుండు పీటను సాకెట్టు అందురు. ఏఎండీ సంస్థ 2022లో ప్రవేశపెట్టిన ఏఎం5 సాకెట్టునకు 2027 వఱకును కొత్త ప్రాసెసర్లను ఇత్తుమని ప్రకటించినది. ఇంటెల్‌వారు 2021లో ఒక సాకెట్టును, 2024లో వేఱొకదానిని తెచ్చిరి. ఒకదాని ప్రాసెసరు మఱొకదానిలో ఇమడదు. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అను అక్షరమున్నచో దానిలో బొమ్మ చూపు సౌకర్యము లేదని అర్థము. గ్రాఫిక్సు కార్డు చెడి మరమ్మతునకు పోయిన దినములలో ఆ యంత్రము ఇంట ఊరక పడియుండును. ఈ సంగతి తెలిసియే కొనవలెను.

ర్యామును బల్లతోను, డిస్కును బీరువాతోను పోల్చవచ్చును. బల్ల చిన్నదైనచో ప్రతి కాగితమునకును బీరువాకడకు లేచిపోవలెను. ఆటకు 16 గిగాబైట్లు సరిపోయినను, చిత్రములు కూర్చువారికి 32 ఉండుట మంచిది. ఆ 32ను ఒకే పలకగా కాక 16 చొప్పున రెండుగా అమర్చినచో ప్రాసెసరునకు రెండు మార్గములు లభించి వేగము పెరుగును. ఏఎం5 బోర్డులు డీడీఆర్5 రకపు ర్యామునే స్వీకరించును. పాత యంత్రములోని డీడీఆర్4 పలకలు అందు పట్టవు. కృత్రిమ మేధకై నిర్మించుచున్న డేటాకేంద్రముల గిరాకి వలన 2025 చివరి నెలలలో ర్యాము ధరలు విపరీతముగా పెరిగినవి. ధర భారమైనవారు 16 గిగాబైట్ల పలకను ఒక్కదానినే ఇప్పుడు కొని, తరువాత అదే రకపు పలకను జతచేయవచ్చును. అంతవఱకు వేగము కొంత తగ్గును గాని పని ఆగదు.

గ్రాఫిక్సు కార్డునకు తన సొంత జ్ఞాపకశక్తి కలదు. అది నిండినచో బొమ్మల సామగ్రిని యంత్రపు ప్రధాన ర్యామునుండి తెచ్చుకొనవలసివచ్చును. ఆ దారి మెల్లనిది. 2025లో వెలువడిన ఎన్విడియావారి ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఏఎండీవారి ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ అను రెండును 8 గిగాబైట్లతోను, 16 గిగాబైట్లతోను లభించుచున్నవి. పేరు ఒక్కటే. అంగడివాడు పేరు మాత్రము చెప్పి ధర చెప్పినచో, జ్ఞాపకశక్తి ఎంత అని అడిగి బిల్లుమీద వ్రాయించుకొనవలెను. చిత్రకల్పన చేయువారికి 16 గలదే శ్రేయస్కరము. మొత్తము సొమ్ములో మూడవవంతు వఱకును ఈ ఒక్క భాగమునకు కేటాయించుట తప్పుకాదు.

బీరువా విషయమునకు వత్తము. తిరుగు పళ్లెములు గల పాత హార్డుడిస్కు సెకనునకు 150 నుండి 200 మెగాబైట్లు మాత్రము అందింపగలదు. సాటా రకపు ఎస్.ఎస్.డి. సుమారు 550, నాలుగవ తరపు ఎన్‌వీఎంఈ రకము సుమారు 7000 వఱకు అందించును. ఎమ్.2 అనునది ఆకారమునకు పేరు, వేగమునకు కాదు. ఆ ఆకారముతో పై రెండు రకములును వచ్చుచుండును. పనికి ఒక టెరాబైటు ఎన్‌వీఎంఈని, పూర్తియైనవానిని దాచుటకు ఒక హార్డుడిస్కును ఉంచుకొనుట పొదుపు. ముఖ్యమైన వస్తువునకు మూడు ప్రతులుండవలెను; అవి రెండు రకముల సాధనములపై ఉండవలెను; అందొకటి ఇంటివెలుపల ఉండవలెను. ప్రాసెసరు కాలిపోయినచో మఱొకటి కొనవచ్చును. అమ్మమ్మ పాడిన మంగళహారతి పోయినచో దానిని ఏ అంగడియందును కొనలేము. సొమ్ము చాలనిచో దీపాల ఫ్యానులను మానవలెను గాని రెండవ డిస్కును మానరాదు.

పలువురు ఉపేక్షించు భాగము ఎస్.ఎం.పి.ఎస్., అనగా పవర్ సప్లై. ఇది ఆటను వేగవంతము చేయదు. చిత్రమునకు మెఱుగు తేదు. అందువలన అంగడిలో మిగిలిన చిల్లరతో దీనిని కొనువారున్నారు. కాని తక్కిన భాగములన్నింటికిని ప్రాణవాయువు దీనిగుండనే పోవలెను. లెక్క సులభము. 8 కోర్ల రైజెన్ 7 7700 ప్రాసెసరు పూర్తి శ్రమలో సుమారు 90 వాట్లు, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ కార్డు 180 వాట్లు, బోర్డు, ర్యాము, డిస్కులు, ఫ్యానులు కలసి సుమారు 70 వాట్లు, మొత్తము 340. క్షణికముగా వచ్చు పోటులకును, భవిష్యత్తునకును ఎడముంచి 650 వాట్లది తీసికొనుట తగును. 2004లో ఆరంభమైన 80 ప్లస్ గుర్తు, గోడనుండి తీసికొన్న విద్యుత్తులో ఎంత భాగము ఉపయోగమునకు వచ్చుచున్నదో మాత్రము చెప్పును. రక్షణను గూర్చి చెప్పదు. కావున ఆ గుర్తుతోపాటు నిర్మాత పేరును, హామీ కాలమును చూడవలెను. చవుక క్యాబినెట్టుతో ఉచితముగా వచ్చుదానిపై అంకె ఎంత పెద్దదైనను నమ్మరాదు.

యూపీఎస్ కొనునపుడు వీఏ అను అంకెను వాట్లని భ్రమపడరాదు. 600 వీఏ గలది సామాన్యముగా 360 వాట్లకు మించి మోయలేదు. మోనిటరుతో కలసి మన యంత్రమునకు 1000 వీఏ గలదానిని చూడవలెను. దాని పని గంటలకొలది ఆటాడించుట కాదు. కరెంటు పోయినపుడు పనిని భద్రపఱచి యంత్రమును ఆపుటకు అయిదు నిమిషములిచ్చుట. గోడలోని మూడుపిన్నుల సాకెట్టునకు ఎర్తు సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత పరీక్షింపజేయుట ఇంతకంటెను ముందు చేయవలసిన పని.

మన వేసవిలో గదిలోని గాలియే 40 డిగ్రీలు తాకును. ప్రాసెసరు తన ఉష్ణము ఒక హద్దును చేరగనే తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. పైన చెప్పిన రైజెనునకు ఆ హద్దు 95 డిగ్రీలు. కావున ముందువైపు జాలిగల క్యాబినెట్టును ఎంచి, ముందునుండి గాలి లోనికి, వెనుకనుండి వెలికి పోవునట్లు ఫ్యానులను అమర్చవలెను. నెలకొకసారి దుమ్ము దులుపవలెను. ధ్వనిముద్రణము చేయువారికి ఇందు మఱొక లాభము కలదు. పెద్ద ఫ్యాను మెల్లగా తిరిగినను చాలినంత గాలి ఆడును; చిన్న ఫ్యాను అంత గాలికై రొదచేయుచు తిరుగవలెను, ఆ రొద మైకులో పడును. వెలగల మైకును కొని హోరుమను యంత్రము ప్రక్కన పెట్టుటకంటె, సామాన్యమైన మైకును దూరముగా, దళసరి తెరలు వ్రేలాడు మూలలో పెట్టుట ఫలప్రదము.

సాఫ్టువేరు ఖర్చును మఱువరాదు. విండోస్ 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. కొత్త యంత్రమునకు విండోస్ 11ను గాని లినక్సును గాని ఎంచుకొనవలెను. చిత్రములు కూర్చుటకు డావించీ రిజాల్వునకు ఉచిత ప్రతి కలదు. త్రిమితీయ చిత్రకల్పనకు బ్లెండరు, ధ్వనికి ఆడాసిటీ పూర్తిగా ఉచితములు.

అంగడులకు మనకు కొదవలేదు. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటిచోట్ల ఒకే కప్పు క్రింద పెక్కు దుకాణములున్నవి. రెండు మూడు చోట్ల ధర విచారింపుడు. డబ్బాల ముద్రలు చెదరకుండ ఉన్నవో లేవో చూడుడు. ప్రతి భాగమునకును క్రమసంఖ్యతో జీఎస్టీ బిల్లు తీసికొనుడు. హామీ ఒక్కొక్క భాగమునకు వేఱువేఱుగా ఉండును గనుక డబ్బాలను పాఱవేయకుడు. కార్డు పొడవు క్యాబినెట్టులో ఇముడునో లేదో, బోర్డులోని బయాసు ఆ ప్రాసెసరును గుర్తించునో లేదో అడిగిన పిదపనే డబ్బు చెల్లింపుడు.

అన్నిటికంటె ముందు ఇంటిలో అందఱును కూర్చుండి, ఈ యంత్రముతో ఎవరు ఏ పని చేయుదురో ఒక కాగితముమీద వ్రాసికొనవలెను. అక్క చిత్రము తుదిరూపము దాల్చుటకు యంత్రమునకు గంటలు పట్టవచ్చును. ఆ పనిని ఆమె రాత్రి పండుకొనబోవుచు అప్పగించినచో తమ్ముని సాయంకాలపు ఆటకు ఆటంకముండదు. ఆ కాగితమునందు లేని పనికై ఒక్క రూపాయియు వెచ్చింపకున్నచో, అదే సొమ్ముతో ఇద్దరి కోరికయు తీరగలదు.