నీలిబారిన పసికందు

ఊపిరితిత్తులనుండి మంచిరక్తం తెచ్చే నాలుగు సిరలు గుండె ఎడమ పైగదిలో కలవాలి. అరుదుగా కొందరు బిడ్డలలో అవి దారితప్పి కుడివైపు చేరతాయి. గర్భంలో ఊపిరితిత్తులకు పోయే రక్తం కొద్దిపాటిదే గనుక 18–22 వారాల స్కానింగులోనూ ఈ లోపం తరచు కనబడదు. కాబట్టి “స్కానింగులో అంతా బాగుందన్నారు” అని తల్లులు ధీమాగా ఉండవద్దని మా మనవి.

బిడ్డ పాలు తాగలేక అలసిపోతుంది, డొక్కలెగరేస్తుంది. చామనచాయ బిడ్డలో నీలిరంగు ఒంటిమీద తెలియదు, నాలుక చూడాలి. మన పల్లెల్లో దీన్ని దిష్టి అనుకొని తాయెత్తులకు తిరిగేవారిని ఇంకా చూస్తున్నాము! సిరలదారి ఇరుకైన బిడ్డకు ఆపరేషను ఆలస్యం కారాదు.

ఒకరోజు నిండాక బిడ్డ పాదానికి పల్స్ ఆక్సీమీటరు పెట్టమని ఆసుపత్రిలోనే అడగండి. నొప్పి ఉండదు. 95 కంటె తగ్గితే మరల చూడాలి, 90 లోపైతే వెంటనే గుండెకు ఎకో తీయించాలి. పుట్టుకతో వచ్చే గుండెజబ్బులకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఉచిత చికిత్స ఉంది. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే దారి చూపుతుంది.