ఖలంగా కొండ క్రింద రెండు స్తంభములు

డెహ్రాడూను పట్టణము నుండి సహస్రధారకు పోవు మార్గమున, రిస్పనా నది చెంత, రెండు తెల్లని స్తంభములు ప్రక్కప్రక్కనే నిలిచి యున్నవి. ఒకటి కోటను పట్టబోయి ప్రాణములు విడిచిన ఆంగ్లేయ సేనానికిని, అతని సైనికులకును స్మారకము. రెండవది ఆ కోటను కాపాడిన గూర్ఖా నాయకునికిని, అతని అనుచరులకును. రెండింటిని నిలిపినవారు ఆంగ్లేయులే. గెలిచినవాడు తన విజయమునకు స్తంభము నాటుట లోకమున సామాన్యము. ఎదిరించినవానికి గూడ దాని సరసనే మరియొకటి నాటుట అరుదు. అందుచేత ఆంగ్లేయుల ఔదార్యమును మెచ్చుకొనువారు పెక్కుమంది. ఆ మెప్పు కొంతవరకు న్యాయమే. ఎంతవరకో తెలియవలెనన్నచో ఇక్కడ జరిగిన పోరాటమును స్మరింపవలెను.

మన తరగతులలో ఈ యుద్ధము సాధారణముగా ఒక్క వాక్యముతో ముగియును: 1816 సుగౌలీ సంధి. దాని వెనుక నున్నది సరిహద్దు తగవు. గూర్ఖాలు కుమావూనును, గఢవాలును జయించి పడమట సట్లెజి నది వరకు వ్యాపించిరి. క్రింది మైదానమున కంపెనీ రాజ్యము పెరుగుచుండెను. నడుమ నున్న తరాయి ప్రాంతమున బుట్వాలు, స్యూరాజు అను భూభాగముల పన్ను ఎవరిదను వివాదము ముదిరి, 1814 మే నెలలో బుట్వాలు ఠాణాలపై దాడి జరిగెను. గవర్నరు జనరలు లార్డు మొయిరా నవంబరు 1వ తేదీన యుద్ధము ప్రకటించెను. అయితే ఆ ప్రకటనకు ముందుదినముననే ఖలంగా కొండపై రక్తము పారినది!

నాలుగు దారుల బయలుదేరిన కంపెనీ సేనలలో ఒకదానికి నాయకుడు రోలో గిలెస్పీ. మన విద్యార్థులకు ఈ పేరు క్రొత్త కారాదు. 1806 జూలైలో వేలూరు కోటలో మద్రాసు సైన్యపు సిపాయిలు తిరుగబడినప్పుడు, ఆర్కాటు నుండి గుఱ్ఱముపై దౌడు తీసి వచ్చి, ఆ తిరుగుబాటును నిర్దయగా అణచినవాడితడే. అప్పుడు లభించిన శీఘ్రవిజయమే ఎనిమిదేండ్ల తరువాత అతనిని తొందరపెట్టినదేమో యని నాకు తోచును.

నాళాపానీ గ్రామము మీది కొండపై నున్న ఆ కోట చిన్నది. గోడలింకను పూర్తికాలేదు. లోపల బలభద్ర కున్వరు, స్త్రీలు పిల్లలతో కలిసి సుమారు 600 మంది. వెలుపల మూడువేలకు పైబడిన సైన్యము. అక్టోబరు 31న, వేర్వేరు దారుల పంపిన దళములన్నియు చేరకమునుపే గిలెస్పీ ముందునకురికి, కోటద్వారమునకు కొద్ది గజముల దూరమున తుపాకిగుండు తగిలి కూలెను. ఢిల్లీ నుండి పెద్ద ఫిరంగులు వచ్చిన పిమ్మట నవంబరు 27న రెండవ దాడి జరిగెను. గోడ పగిలినను దాడి విఫలమయ్యెను. గోడపై నిలిచి రాళ్లు రువ్విన స్త్రీలను చూచి ఆంగ్లేయులే విస్తుపోయిరి. ఈ రెండు దాడులలోను మరణించినవారు, గాయపడినవారు కలిసి కంపెనీకి 700 మందికి పైగా నష్టము.

ఫిరంగులకు లొంగని కోటను దాహము లొంగదీసినది. కోటలో బావి లేదు. నీరు వెలుపలి ఊట నుండి తెచ్చుకొనవలెను. ఆ ఊటను శత్రువులు అడ్డగించిరి. ఎడతెగని గుండ్లవాన క్రింద గ్రుక్కెడు నీటికి పరితపించుచు గడపిన ఆ దినములను ఊహించుట కష్టము. నవంబరు 30వ తేదీ రాత్రి, మిగిలిన 70 మందితో బలభద్రుడు కోట విడిచి, శత్రుశిబిరమును చీల్చుకొని కొండలలోనికి పోయెను. లొంగిపోలేదు. మరునాడు లోన ప్రవేశించినవారికి కనబడినవి శవములు, క్షతగాత్రులు. కోటను నేలమట్టము చేసిరి.

ముట్టడి నడుమ జరిగిన ఒక సంఘటనను ఆంగ్లేయులే వ్రాసిరి. దవడ పగిలిన గూర్ఖా భటుడొకడు చేయి ఊపుచు వారి శిబిరమునకు వచ్చి చికిత్స చేయించుకొనెను. నయమైన పిమ్మట, తిరిగి తనవారిలో చేరి పోరాడుటకు సెలవు కోరెను!

ఇంతకును ఆ శిలలపై నేమున్నది? కోట నేలిన బలభద్రుని వీరుడైన ప్రతిపక్షిగా కొనియాడిరి. అది నిజమైన గౌరవమే. కాని కంపెనీ పక్షమున మరణించిన అధికారులకే పేర్లున్నవి. వారి వెంట నేలకొరిగిన హిందూస్థానపు సిపాయిలు పటాలముల సంఖ్యలుగా మాత్రమే మిగిలిరి. గోడపై నిలిచిన స్త్రీల ప్రస్తావనయే లేదు. మెచ్చుకొన్న చేయి ఊరకుండలేదు కూడ: యుద్ధము ముగియకమునుపే, 1815లో, కంపెనీ గూర్ఖాలను తన కొలువున చేర్చుకొని పటాలములు కట్టెను. 1947లో అట్టి పది రెజిమెంట్లలో ఆరు భారతదేశమునకును, నాలుగు బ్రిటనుకును వచ్చినవి. శత్రువు శౌర్యమును శిలపై చెక్కిన ప్రభుత్వమే ఆ శౌర్యమునకు జీతము కట్టినది!

బలభద్రుడు మాత్రము ఆ కొలువున చేరలేదు. పంజాబు పోయి రణజిత్ సింగు సైన్యమున చేరి, 1823లో నౌషేరా యుద్ధమున ఆఫ్గనులతో పోరాడుచు మరణించెను. లాహోరు కొలువునకు పోయినవారిని బట్టియే నేపాళీ భాషలో పరదేశపు సైనికునికి 'లాహురే' అను పేరు వచ్చినది. ఆ గూర్ఖాలు ఆఫ్గను ఫిరంగుల యెదుట చివరివాని వరకు నేలకొరిగిరని స్తంభముపై ఆంగ్లేయులే చెక్కించిరి.

నేడు కోట లేదు. కొండ యున్నది, దాని చుట్టును సాలవృక్షముల అడవి యున్నది. ఏటేట నవంబరులో డెహ్రాడూను గూర్ఖాలు అక్కడ మేళా జరిపి ఆ వీరులను తలచుకొనుచుందురు. 2024లో తాగునీటి పథకము కొఱకు ఆ అడవిలో సుమారు 2,000 చెట్లు కొట్టవలెనని గుర్తులు పెట్టగా, పట్టణవాసులు, యువకులు, పిల్లలు కొండపైకి పోయి నిరసన తెలిపిరి. నీరు లేక పడిపోయిన కోట స్థలమున నీటి కొఱకే ఈ వివాదము! ఆ చెట్లను హత్తుకొన్నవారిలో స్తంభములపై వ్రాతను చదివినవారెందరో మనకు తెలియదు. కొండ పేరు మాత్రము వారందరికిని తెలియును.