నిజాం చక్కెర కర్మాగారం (శక్కర్‌నగర్)

నిజాం చక్కెర కర్మాగారం తెలంగాణ రాష్ట్రం, నిజామాబాదు జిల్లాలోని బోధన్ పట్టణాన్ని ఆనుకొని శక్కర్‌నగర్‌లో ఉన్న చారిత్రక కర్మాగారం. స్థానికులు దీనిని 'నిజాం షుగర్స్' అని, ఒక్కోసారి ఉత్త 'ఫ్యాక్టరీ' అని వ్యవహరిస్తారు. ఉర్దూలో శక్కర్ అనగా చక్కెర. కర్మాగారం వల్లనే ఆ ప్రాంతానికి ఈ పేరు వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా పేరొందిన ఈ సంస్థలో 2015 డిసెంబరులో ఉత్పత్తి నిలిచిపోయింది.

స్థాపనకు పూర్వరంగం

ఈ కర్మాగారం చరిత్ర నిజాంసాగర్ నీటితో మొదలవుతుంది. మంజీరా నదిపై నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో నిర్మించిన నిజాంసాగర్ జలాశయం 1931లో పూర్తయింది. కాలువలు పారడంతో మెట్ట భూములు మాగాణి అయ్యాయి. కోస్తా జిల్లాల నుండి ఎందరో రైతులు వచ్చి ఆయకట్టులో స్థిరపడ్డారు. వారు వెలయించిన గ్రామాల పేర్ల చివర నేటికీ 'క్యాంపు' అనే మాట వినిపిస్తుంది. దాదాపు ఏడాది పాటు పొలంలో ఉండి, విస్తారంగా నీరు కోరే చెరకుకు ఈ కాలువలే ఆధారమయ్యాయి.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1937లో సంస్థ ఏర్పడింది. హైదరాబాదు సంస్థానంలో పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చేందుకు 1929లో నెలకొల్పిన పారిశ్రామిక నిధి దీనికి అండగా నిలిచింది. కర్మాగారానికి వేల ఎకరాల సొంత చెరకు క్షేత్రాలు ఉండేవి. రైతుల చెరకుపై మాత్రమే ఆధారపడే కర్మాగారాలతో పోల్చితే ఇది పెద్ద సౌలభ్యం.

చెరకుకూ కర్మాగారానికీ గల సంబంధం

నరికిన చెరకు నిలువ ఉండదు. కోసిన నాటి నుండే గడలోని సుక్రోజు విచ్ఛిన్నమై గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారుతూ ఉంటుంది. ఇవి చక్కెర పలుకులు కట్టవు సరికదా, సుక్రోజు పలుకు కట్టడానికి కూడా అడ్డుపడతాయి. కాబట్టి వీలైతే ఒక రోజులోపే గడ గానుగకు చేరాలి. వడ్లను, పసుపును ఆరబెట్టి ధర వచ్చేదాకా దాచుకోవచ్చు, చెరకును దాచలేరు. అందుచేత చుట్టుపక్కల గ్రామాలు కర్మాగారం పరిధిలోకి వచ్చేవి. ఏ రైతు ఏ రోజు చెరకు కొట్టాలో కూడా కర్మాగారం ఇచ్చే అనుమతి పత్రమే నిర్ణయించేది.

గానుగ ఆడగా వచ్చిన రసాన్ని సున్నం, గంధక ధూమంతో శుద్ధి చేసి, కాచి చిక్కబరచి, పలుకు కట్టించి చక్కెరను వేరు చేస్తారు. పిప్పి బాయిలర్లకు ఇంధనంగాను, మిగిలిన మడ్డి (మొలాసిస్) మద్యసారం తయారీకిని ఉపయోగపడుతుంది.

ప్రభుత్వ రంగం నుండి ప్రైవేటు యాజమాన్యానికి

1956లో ఆంధ్ర ప్రదేశ్ అవతరించిన తరువాత ఇది రాష్ట్ర ప్రభుత్వ సంస్థగా కొనసాగి, ఇతర జిల్లాలకు విస్తరించింది. 1990ల నాటికి నష్టాలు పెరిగాయి. 2002లో ప్రభుత్వం బోధన్, ముత్యంపేట (మెట్‌పల్లి సమీపం), మెదక్ ప్రాంతంలోని ముంబోజిపల్లి విభాగాలను కలిపి ఒక ఉమ్మడి సంస్థకు అప్పగించింది. నిజాం దక్కన్ షుగర్స్ పేరుతో ఏర్పడిన ఈ సంస్థలో ప్రైవేటు భాగస్వామి వాటా 51 శాతం, ప్రభుత్వ వాటా 49 శాతం. ఈ అప్పగింతపై తీవ్ర విమర్శలు వచ్చాయి. శాసనసభా సంఘం విచారణ కూడా జరిగింది. తెలంగాణ ఉద్యమ కాలంలో ఈ కర్మాగారాన్ని తిరిగి ప్రభుత్వపరం చేయాలనే డిమాండు బలంగా వినిపించింది.

మూసివేత, తదనంతర పరిణామాలు

2014లో రాష్ట్రం ఏర్పడిన తరువాత, మహారాష్ట్ర తరహాలో రైతుల సహకార సంఘం ద్వారా నడిపించాలనే ఆలోచన జరిగినా ఫలించలేదు. 2015 డిసెంబరులో యాజమాన్యం మూడు విభాగాలలోను లే ఆఫ్ ప్రకటించింది. కార్మికులకు జీతాల బకాయిలు మిగిలాయి. 2019లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ సంస్థ లిక్విడేషన్‌కు ఆదేశించింది. పునరుద్ధరణ అవకాశాలను పరిశీలించేందుకు 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది.

పునరుద్ధరణ అనగానే సాధారణంగా యంత్రాల గురించే చర్చ జరుగుతుంది. అంతకంటె చిక్కైన విషయం పొలాలది. కర్మాగారం ఆగిన తరువాత ఆయకట్టు రైతులు వరి, సోయాచిక్కుడు వంటి పంటల వైపు మళ్ళారు. గానుగ ఆడుతుందన్న నమ్మకం లేనిదే రైతు చెరకు నాటడు. చెరకు లేనిదే గానుగ ఆడదు. పైగా ఒకసారి నాటిన చెరకు మొక్క తోట తరువాత కార్శి పంటలు కూడా ఇస్తుంది కనుక, రైతు ఈ నిర్ణయాన్ని ఒక్క ఏడాది కోసం కాక రెండు మూడేళ్ళ కోసం తీసుకోవలసి ఉంటుంది.