పాత కుట్టు మిషన్ విప్పి చూశారా?

బీటెక్ పట్టా చేతిలో ఉంది. ‘మీరు సొంతంగా పరిష్కరించిన సమస్య ఒకటి చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం నోరు పెగలడం లేదు. మీ పరిస్థితీ ఇదేనా? అయితే ఇంట్లో అటక మీదో, మంచం కిందో దుమ్ము పట్టిన కుట్టు మిషన్ ఉందేమో ఓసారి చూడండి.

ఏడేళ్ల కిందట నాదీ ఇదే కథ. మెకానికల్ ఇంజినీరింగ్ అయిపోయి పది నెలలు. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ కోర్సు మీద కోర్సు చేశా. ఎక్కడికెళ్లినా ప్రాజెక్టు దగ్గరే బండి ఆగిపోయేది. మా ఫైనలియర్ ప్రాజెక్టు నలుగురం డబ్బులేసుకుని కొనుక్కొచ్చింది మరి. రెండో ప్రశ్నకే దొరికిపోయేవాణ్ని.

ఆ దసరాకి ఇంటికెళ్తే, వాకిట్లో పాత ఇనుము కొనే అతను అమ్మ మిషన్‌ని తూకం వేస్తున్నాడు. నా ఇంటర్ ఫీజు ఆ మిషన్ మీద కుట్టిన జాకెట్లతోనే కట్టింది అమ్మ. ‘బిగుసుకుపోయింది నాన్నా, చోటు దండగ’ అంది. ‘ఉంచమ్మా, నేను బాగుచేస్తా’ అన్నా. ‘నీకొచ్చా?’ అంది. ఇంజినీరింగ్ చదివిన కొడుకుని అమ్మ అడగాల్సిన ప్రశ్నే అది. నిజానికి నాకు రాదు.

సిలబస్ అంతా అందులోనే!

కుట్టు మిషన్ వెనక చాలా చరిత్ర ఉంది. అమెరికాలో 1846లో ఎలియాస్ హోవ్, 1851లో ఐజక్ సింగర్ పేటెంట్లు తీసుకున్నారు. సూది మొన దగ్గర కన్ను, కింద బాబిన్‌లో రెండో దారం, రెండూ మెలిపడితే కుట్టు. నేటికీ సూత్రం అదే. సామాన్యులు కొనలేకపోతుంటే సింగర్ కంపెనీ 1856లోనే వాయిదాల పద్ధతి పెట్టింది. మనం ఫోన్లు కొనే ఈఎంఐకి తాత లాంటిదన్నమాట! యంత్రాల వ్యామోహాన్ని విమర్శించిన గాంధీజీ సైతం 1924లో ఒక సంభాషణలో సింగర్ మిషన్‌కు మినహాయింపు ఇచ్చారు.

మూత తీసి చూస్తే నాకు కనిపించింది వేరే. తిరిగేది ఒక్క చక్రమే. దాన్నుంచే సూదికి పైకీ కిందకీ కదలిక. షటిల్ ఏమో సగం తిరిగి వెనక్కి వస్తుంది. గుడ్డను జరిపే పళ్లు పైకి లేచి, ముందుకు జరిగి, కిందకు దిగి, వెనక్కి వెళ్తాయి. ఈ నాలుగు కదలికల పద్ధతికి అలెన్ విల్సన్ 1854లో పేటెంట్ పొందాడు. క్రాంక్, క్యామ్, ఎక్సెంట్రిక్... కైనమాటిక్స్ పేపర్లో నేను బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నవన్నీ అక్కడ ఇనుములో ఉన్నాయి. పరీక్ష రాసిన మూడేళ్లకి వాటిని మొదటిసారి చేత్తో తిప్పి చూశా.

బాగుచేయడం ఇలా..

ముందు ఫొటోలు. ఏ స్క్రూ విప్పినా విప్పకముందు ఒకటి, విప్పాక ఒకటి తీయండి. స్క్రూలను విప్పిన వరసలో ఇడ్లీ ప్లేటు గుంటల్లో పెట్టండి. నాకు ఇంతకంటే మంచి ట్రే దొరకలేదు.

బిగుసుకుపోయిన మిషన్ చాలాసార్లు తుప్పు వల్ల కాదు, ఎండిపోయిన పాత నూనె వల్లే ఆగిపోతుంది. వంటనూనె, కొబ్బరినూనె వేసి ఉంటే ఆ జిగురు మరీ మొండిది. కదిలే ప్రతి కీలులో కొంచెం కిరోసిన్ వేసి రాత్రంతా వదిలేయండి. మంటకు దూరంగా, గాలి ఆడేచోటే ఈ పని చేయాలి. పొద్దున్నే చక్రాన్ని మెల్లగా కదపండి. కదలకపోతే మళ్లీ వేయండి, సుత్తి మాత్రం తీయొద్దు. పోత ఇనుము గట్టిదే కానీ దెబ్బ తగిలితే పగులుతుంది. కదిలాక మురికి తుడిచేసి, కుట్టు మిషన్ నూనె చుక్క చుక్కగా వేయాలి.

బంగారు రంగు పూల బొమ్మల జోలికి స్పిరిట్, థిన్నర్‌తో వెళ్లొద్దు. పాత మిషన్ల మీది మెరుపు పూతలో లక్క ఉండొచ్చు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, దాంతో పాటు బొమ్మలూ పోతాయి. మెత్తటి గుడ్డ, కుట్టు మిషన్ నూనె చాలు. కొత్త రంగూ వేయించకండి. సేకరించేవాళ్లు పాత పూతకే విలువిస్తారు.

సూది పెట్టేటప్పుడు చదునుగా ఉన్న వైపు షటిల్ వైపుకి, పొడవాటి గాడి ఉన్న వైపు నుంచి దారం. సూది అడుగు దాకా దిగి, రెండు మిల్లీమీటర్లు పైకి లేచేసరికి దారం చిన్న ఉచ్చులా వదులవుతుంది. అప్పుడే షటిల్ కొక్కెం దాన్ని అందుకోవాలి. సూది తిరగబడితే కొక్కేనికి ఉచ్చు దొరకదు, కుట్టు పడదు.

మూడు రోజులు తిన్న తప్పు

నా మిషన్ తిరిగింది. కుట్టింది కూడా. కానీ గుడ్డ కిందివైపు దారం ఉండలు ఉండలుగా పేరుకుపోయింది. ఉండలు కింద ఉన్నాయి కాబట్టి తప్పు బాబిన్‌లోనే ఉందనుకున్నా. బాబిన్ కేసు స్క్రూ బిగించా, వదులు చేశా, షటిల్ తీసి మళ్లీ పెట్టా. కొత్త బాబిన్ కేసు కొన్నా. మూడు రోజులు గడిచాయి.

చివరికి మిషన్ తల ఒక్కటీ బస్సులో పెట్టుకుని టౌన్లో టైలరింగ్ సామాన్ల షాపులో ఉండే మెకానిక్ దగ్గరికెళ్లా. ఆయన బాబిన్ వంక చూడనే లేదు. ‘దారం పైన ఎట్లా ఎక్కించావ్ బాబూ?’ అన్నారు. పాదం ఎత్తి, పైన టెన్షన్ ఇచ్చే రెండు బిళ్లల మధ్య గుడ్డ పేలిక పెట్టి లాగారు. ఏళ్లనాటి దారపు పీచు ఉండ బయటికొచ్చింది. ఆ పీచు వల్ల బిళ్లలు దారాన్ని పట్టడం లేదు. పైదారం వదులైతే ఉండలు కట్టేది కిందే!

‘కింద తప్పు కనబడితే పైన చూడాలి. నువ్వు కింద బాగున్నది కూడా పాడుచేశావ్’ అన్నారు. నిజమే. మూడు రోజుల్లో ఎన్ని మార్చానో, ఏది ముందు ఎలా ఉండేదో నాకే గుర్తులేదు. స్క్రూని మళ్లీ సరిచేయడానికి ఆయనకి పది నిమిషాలు పట్టింది. డబ్బులు తీసుకోలేదు, ఓ నోట్‌బుక్ కొనుక్కోమన్నారు.

అప్పట్నుంచి నా పద్ధతి ఇదే: ఒకసారి ఒక్కటే మార్చు, రాసుకో, ఫలితం లేకపోతే వెనక్కి పెట్టు. ఇప్పుడు కోడ్‌లో బగ్ వెతికేటప్పుడూ అంతే. తప్పు కనబడిన చోటే పుట్టి ఉంటుందని అనుకోను.

ఉద్యోగం వస్తుందా?

మిషన్ బాగుచేస్తే ఉద్యోగం వస్తుందని చెప్తే అబద్ధమే. తర్వాత కూడా రెండు ఇంటర్వ్యూలు పోయాయి. మూడోదాంట్లో అదే ప్రశ్న వచ్చింది. ఉండల సంగతి చెప్పా, నేను చేసిన తప్పుతో సహా. ‘స్క్రూ ఎందుకు మార్చారు?’, ‘ముందే ఎలా తెలుసుకోవచ్చు?’ అంటూ పావుగంట అదే అడిగారు. ఒక్కదానికీ తడబడలేదు, చేసిన పనే కదా! సపోర్ట్ ఇంజినీర్‌గా చేరా. జీతం చిన్నదే, మొదటి మెట్టు దొరికింది.

మీరు చేసినా నోట్‌బుక్, ముందూ తర్వాతా ఫొటోలు దాచుకోండి. రెజ్యూమెలో ‘హాబీ’ కింద ఒక్క మాట కాకుండా, ‘సమస్య - కారణం - పరిష్కారం’ అని మూడు లైన్లు రాయండి.

కొనాలనుకుంటే..

ఇంట్లో లేకపోతే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, పాతబస్తీ జుమ్మేరాత్ బజార్ తిరగండి. ఊళ్లో అయితే టైలర్లనే అడగండి. కొనేముందు నాలుగు చూడండి.

* చక్రం కొంచెమైనా కదలాలి.
* పోత ఇనుములో పగులు ఉండకూడదు.
* షటిల్, బాబిన్ కేసు ఉన్నాయో లేదో చూడాలి.
* సింగర్ అయితే సీరియల్ నంబర్ చూడాలి. 1900కి ముందువాటికి అంకెలే ఉంటాయి, తర్వాతవాటికి ముందు ఇంగ్లిష్ అక్షరం వస్తుంది. పేరు ఒక్కటే నమ్మొద్దు, స్టిక్కర్ ఎవరైనా అంటించొచ్చు.

మన దగ్గర కనిపించే నల్ల మిషన్లు ఎక్కువగా సింగర్ 15 తరగతి నమూనావే. అందుకే విడిభాగాలు ఇప్పటికీ టైలరింగ్ షాపుల్లో దొరుకుతాయి. మొదటిసారి వేరే రకం జోలికి వెళ్లకండి. ఒకటి పూర్తయ్యేదాకా రెండోది కొనకండి కూడా. తల ఒక్కటే పది కిలోల పైమాట. నా దగ్గర ఇప్పుడు ఐదున్నాయి, ఇల్లు మారిన ప్రతిసారీ స్నేహితులు తిడతారు.

అమ్మ మిషన్ మాత్రం నా దగ్గర లేదు. బాగైన రోజు సాయంత్రం దాని మీద పాత చీరతో ఓ దిండు గలీబు కుట్టింది. తిరగేసి కిందివైపు కుట్టు చూసి, ‘బానే వచ్చిందిరా’ అంది. ఇప్పటికీ వాళ్లింట్లో కిటికీ పక్కనే ఉంది.