కాక్‌పిట్‌లో ఎవరు?

పాత కుట్ర చిత్రాల్లో విమానం ఎందుకంత భయపెడుతుంది?

కనుచూపు మేరలో చెట్టు లేదు, గోడ లేదు. పొలాల నడుమ తారురోడ్డు పక్కన సూటు వేసుకున్న మనిషి ఒకడు ఎవరి కోసమో ఎదురుచూస్తున్నాడు. దూరంగా చిన్న విమానం ఒకటి మందు చల్లుతూ తిరుగుతోంది. బస్సు కోసం వచ్చిన పల్లెటూరి ఆసామి దాన్ని చూసి, పైరు లేని చోట మందెందుకు చల్లుతున్నాడా అని వింతపడి, తన బస్సెక్కి వెళ్లిపోతాడు. ఆ మరుక్షణం విమానం సూటు మనిషి మీదికి దూసుకొస్తుంది. 1959లో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’లో కేరీ గ్రాంట్ పరుగు అది. కథలో అది ఇండియానా; చిత్రీకరించింది కాలిఫోర్నియాలో. అంత ఉత్కంఠలోనూ, విమానం పెట్రోలు ట్యాంకర్‌ను ఢీకొనేదాకా బెర్నార్డ్ హెర్మన్ సంగీతం మొదలవదు. ప్రధానంగా వినిపించేది ఇంజిన్ రొదే. ఇంతకన్నా గమనించాల్సింది మరొకటుంది. ఆ విమానం నడిపేవాడెవరో మనకు చివరిదాకా తెలియదు. కుట్ర చిత్రాల్లో విమానం పుట్టించే భయానికి మూలం ఎత్తూ కాదు, వేగమూ కాదు. నడిపేవాడి ముఖం కనిపించకపోవడమే.

ఒక్క మనిషిని చంపడానికి విమానమెందుకు, తుపాకీ గుండు చాలదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే తుపాకీ పట్టినవాడికి చెయ్యి ఉంటుంది, కళ్లుంటాయి. వాణ్ని బతిమాలుకోవచ్చు, కలబడవచ్చు. విమానంతో మాటామంతీ కుదరదు. పైగా హత్య అంటే చీకటి సందు, తడిసిన వీధి అన్న అలవాటును హిచ్‌కాక్ కావాలనే తిరగేశాడు. మిట్టమధ్యాహ్నం, బయలు ప్రదేశం. దాక్కోవడానికి దొరికింది ఒక్క మొక్కజొన్న చేను. అక్కడా విమానం మందు చల్లి అతణ్ని బయటికి రప్పిస్తుంది. తర్కానికి నిలవని ఈ పథకం కుట్ర స్వభావానికి మాత్రం సరిగ్గా సరిపోయింది. మనల్ని వాళ్లు చూడగలరు, వాళ్లను మనం చూడలేం.

అలెన్ జె. పకూలా ‘ది పారలాక్స్ వ్యూ’ (1974) ఇదే భయాన్ని విమానం లోపలికి తెచ్చింది. సామాను మాత్రం విమానంలోకి పంపి తాను ఎక్కని వ్యక్తిని అనుమానించి, విలేఖరి పాత్రధారి వారెన్ బేటీ ఆ విమానమెక్కుతాడు. బాంబు ఉందని నోరు విప్పితే తనే పట్టుబడతాడు. కాగితపు రుమాలు మీద హెచ్చరిక రాసి, ఎయిర్‌హోస్టెస్ చేతికి అందేలా చేస్తాడు. విమానం వెనక్కి తిరుగుతుంది. ప్రయాణికులు దిగాక పేలుతుంది. ఇదంతా తెరమీద హంగు కోసమేననే వాదన ఇక్కడ వీగిపోతుంది. హంగే కావాలంటే దర్శకుడు మంటల మీద మనసు పెట్టేవాడు. పకూలా మనల్ని కూర్చోబెట్టింది ఆ రుమాలు ఎదుట. అమెరికాలో వాటర్‌గేట్ కుంభకోణం రగులుతున్న రోజులవి. అధ్యక్షుడు నిక్సన్ గద్దె దిగింది ఆ ఏడాది ఆగస్టులోనే. నిజం తెలిసినవాడు దాన్ని గట్టిగా చెప్పలేకపోవడం ఆనాటి ప్రేక్షకుడికి ఊహ మాత్రమే కాదు.

మరి విమానం హీరోను కాపాడిన సినిమాల సంగతేమిటి? కనిపించని ముఖమే భయానికి మూలమన్న వాదనకు పీటర్ హయమ్స్ ‘కాప్రికార్న్ వన్’ అసలు పరీక్ష. అంగారక యాత్ర జరిగినట్టు స్టూడియోలో నాటకమాడిన ప్రభుత్వ యంత్రాంగం, గుట్టు బయటపడకుండా వ్యోమగాములను వేటాడుతుంది. ఎడారి మీద జంటగా తిరిగే రెండు హెలికాప్టర్లు ఒకదాని వైపు ఒకటి తిరిగి ఆలోచన చేస్తున్నట్టు గాలిలో నిలుస్తాయి. మనుషులు మాట్లాడుకోవాల్సిన చోట యంత్రాలు మాట్లాడుకుంటున్నట్టుంటుంది. వాటికి ఎదురు నిలిచింది మళ్లీ మందు చల్లే పాత విమానమే! హిచ్‌కాక్ చిత్రంలో చావు తెచ్చిన వాహనం ఇక్కడ ప్రాణదాత అయింది. తేడా యంత్రంలో లేదు. ఈసారి కాక్‌పిట్‌లో టెలీ సవాలస్ కనిపిస్తాడు. కిరాయి దగ్గర బేరమాడతాడు, నోరు పారేసుకుంటాడు. లోభి అయినా మనిషే. చివరికి అతను వదిలిన మందు పొడిలో కళ్లు కనిపించక ఆ హెలికాప్టర్లు కొండకు కొట్టుకుంటాయి. ఒకనాడు చేనులోంచి మనిషిని తరిమిన మందే, ఇక్కడ వేటగాళ్ల చూపు మూసింది. వాదనకు ఎదురు సాక్ష్యంగా తెచ్చుకున్న సినిమా, దానికే బలమైన రుజువుగా నిలిచింది.

అలాగని ప్రతి విమాన దృశ్యానికీ రాజకీయం అంటగట్టడం సబబు కాదు. వీటిలో వినోదం ఉంది, టిక్కెట్ల లెక్కా ఉంది. కానీ వినోదంగా మాత్రమే ఉండే వేట హీరో తప్పించుకోగానే ముగిసిపోతుంది. ఈ దృశ్యాల్లోని బెరుకు సినిమా అయ్యాక కూడా వదలదు. ఈ మూడింటిలో ఏది మళ్లీ చూసినా రెక్కల విన్యాసాలను కాసేపు పక్కనపెట్టి కాక్‌పిట్ అద్దం వైపు చూడండి. దాని వెనుక ముఖం కనిపిస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. కనిపించకపోతే, ఆ సినిమా చెప్పదలచిన విషయం అదే.